ట్రావెల్ ట్రైలర్‌కి కొత్త బ్యాటరీ కొనాలా? ముందు మీ రాత్రి లెక్క వేయండి

అక్టోబరు చివర్లో గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మా ట్రావెల్ ట్రైలర్‌తో, అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటితో, దిగాం. మేమిద్దరం, పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అక్కడ హుకప్, అంటే ట్రైలర్‌ని కరెంటుకి తగిలించుకునే సదుపాయం, ఉండదు. దాదాపు 2,100 మీటర్ల ఎత్తు కాబట్టి ఆ రోజుల్లో రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి. తెల్లవారుజామున మూడింటికి నాన్న నన్ను తట్టి లేపారు. "ఏరా, ఆ ఫ్యాను చప్పుడు ఆగిపోయిందేంటి?" అన్నారు. ట్రైలర్‌ని వెచ్చగా ఉంచే గ్యాస్ హీటర్, అదే ఫర్నేస్, ఆగిపోయింది. గ్యాస్ సిలిండర్లు రెండూ నిండుగానే ఉన్నాయి. అయిపోయింది దాని ఫ్యాను తిప్పే బ్యాటరీ. అమ్మకి ఆయాసం ఉంది. తెల్లారేదాకా ఆవిణ్ణి దుప్పట్లో చుట్టి ట్రక్కులో హీటర్ వేసి కూర్చోబెట్టాను.

ఇంటికి రాగానే అదే సైజులో ఇంకో బ్యాటరీ కొని పెట్టేశాను. ఆరు నెలలకే అదీ పోయింది. అప్పుడు గానీ ట్రైలర్ లోపలి చార్జర్ పాడైందని తెలియలేదు. కొత్త బ్యాటరీని కూడా అదే చంపింది. అందుకే మీరు బ్యాటరీ కోసం షాపుకి వెళ్లేముందు రెండు పనులు చేయండి: పాతది ఎందుకు పోయిందో కనుక్కోండి, మీకు ఒక రాత్రికి ఎంత కరెంటు కావాలో కాగితం మీద రాయండి. ఈ రెండూ తెలిస్తే ఏ బ్యాటరీ కొనాలన్నది సగం తేలిపోయినట్టే.

1. పాత బ్యాటరీ ఎందుకు పోయింది?

ఒక మల్టీమీటర్ కొనండి. చవకదైనా పర్వాలేదు. ట్రైలర్‌ని ఇంట్లో కరెంటుకి తగిలించి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజ్ చూడండి. 13.2 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జర్ పనిచేస్తోంది. 12.6 దగ్గరో అంతకన్నా కిందో ఉండిపోయిందంటే చార్జింగే లేదు.

ఇక్కడ మనవాళ్లు తికమకపడే మాట ఒకటుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ అంటే కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీని చార్జ్ చేసి, పోయినప్పుడు ఫ్యాన్లు తిప్పేది. ట్రైలర్‌లో ఆ చార్జ్ చేసే పెట్టెని కన్వర్టర్ అంటారు. అది 120 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఇన్వర్టర్ అనేది వేరు. అది 12 వోల్టుల నుంచి 120 తయారుచేస్తుంది, చాలా ట్రైలర్లలో అసలు ఉండదు. షాపులో "ఇన్వర్టర్ పోయింది" అంటే మీకు వేరే వస్తువు అంటగడతారు, జాగ్రత్త.

కన్వర్టర్ దగ్గర ఫ్యూజుల పెట్టెలో 30 లేదా 40 ఆంపియర్ల ఫ్యూజులు రెండు పక్కపక్కనే ఉంటాయి. బ్యాటరీని ఎప్పుడైనా తిరగేసి తగిలిస్తే ముందు పోయేవి అవే. చార్జింగ్ రావడం లేదంటే మొదట వాటిని చూడండి. కొన్ని డాలర్లతో పోయే పనికి వందల డాలర్ల కన్వర్టర్ మార్చేవాళ్లున్నారు.

మూతలు తెరుచుకునే లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే మూత తీసి లోపలికి చూడండి. నీళ్లు ప్లేట్ల కన్నా కిందికి దిగాయంటే కారణం దొరికినట్టే. ఊళ్లో ఇన్వర్టర్ బ్యాటరీకి నాన్న నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. ఇదీ సరిగ్గా అదే పని. నీళ్లు బాగానే ఉంటే ఫుల్ చార్జ్ చేసి, వైర్లు ఊడదీసి ఓ రాత్రంతా వదిలేయండి. పొద్దున 12.6, 12.7 ఉండాలి. హైడ్రోమీటర్ (లోపలి యాసిడ్ సాంద్రత కొలిచేది) ఉంటే ప్రతి సెల్లూ విడిగా చూడండి. ఆరోగ్యంగా ఉన్నది 1.265 దగ్గర చూపిస్తుంది. ఐదు సెల్లులు ఒకలా ఉండి ఆరోది బాగా తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయింది, ఇక ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోండి.

కరెంటుకి పెట్టకుండా, బ్యాటరీ వైర్లు ఊడదీయకుండా శీతాకాలమంతా వదిలేసిన ట్రైలర్ అయితే కారణం మరొకటి. అన్ని స్విచ్‌లూ ఆపేసినా గ్యాస్ డిటెక్టర్, రేడియో మెమరీ, ఫ్రిజ్ బోర్డు లాంటివి కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటాయి. అర ఆంపియర్ చొప్పున లాగినా రోజుకి 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు). వారం రోజుల్లో బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఖాళీగా నెలల తరబడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, మళ్లీ కోలుకోదు. ఒక డిస్‌కనెక్ట్ స్విచ్ పెట్టుకుంటే ఈ బెడద తీరుతుంది.

2. మీ రాత్రి లెక్క

ఎప్పుడూ హుకప్ ఉన్న చోటే దిగుతారా? టెక్సస్ స్టేట్ పార్కుల్లో చాలా సైట్లకి కరెంటు ఉంటుంది. అలాంటివాళ్లకి లెక్క అక్కర్లేదు. మంచి గ్రూప్ 24 లేదా 27 (ఇవి బ్యాటరీ సైజుల పేర్లు) ఒకటి చాలు. ఎవరో చెప్పారని ఖరీదైన లిథియం బ్యాటరీ మీద డబ్బు పోయకండి. ఆ డబ్బుతో ఇంకో రెండు ట్రిప్పులు వెళ్లండి.

నేషనల్ పార్కుల్లో, అడవుల్లో హుకప్ లేకుండా ఉండాలనుకునేవాళ్లు మాత్రం కూర్చుని రాయాలి. ప్రతి వస్తువు ఎన్ని ఆంపియర్లు లాగుతుంది, ఎన్ని గంటలు నడుస్తుంది, ఈ రెండూ గుణిస్తే ఏహెచ్ వస్తుంది. మా లెక్క ఇది.

ఫర్నేస్ గ్యాస్‌తో వేడిచేసినా దాని ఫ్యాన్ బ్యాటరీ మీదే తిరుగుతుంది. మాది 7.5 ఆంపియర్లు లాగుతుంది. చలి రాత్రి పది గంటల్లో నాలుగున్నర గంటలైనా తిరుగుతుంది. అంటే 34 ఏహెచ్. ఎల్‌ఈడీ లైట్లు సాయంత్రం నాలుగు గంటలకి 6. నీళ్ల పంపు 2. ఫోన్లు 5. ఎప్పుడూ లాగే చిల్లర వస్తువులు 12. గ్యాస్ మీద నడిచే పాత రకం ఫ్రిజ్‌కి దాని బోర్డు కోసం 10. మొత్తం 69 ఏహెచ్.

ఇప్పుడు మా పాత గ్రూప్ 24 సంగతి చూడండి. దాని మీద రాసింది 80. లెడ్ యాసిడ్‌ని సగం కన్నా కిందికి దించితే ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి వాడుకోవాల్సింది 40. గడ్డకట్టే చలిలో అందులోనూ దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. మూడింటికి ఫర్నేస్ ఆగిపోవడంలో వింతేమీ లేదు. డీలర్లు కొత్త ట్రైలర్‌కి బిగించి ఇచ్చేది చాలాసార్లు ఇదే సైజు.

ఈమధ్య ట్రైలర్లలో గ్యాస్ ఫ్రిజ్ బదులు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. మీదీ అదే అయితే పైన 10 అని రాసిన చోట 60 వేసుకోండి. లెక్క 119కి చేరుతుంది. కొనేటప్పుడు చాలామందికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇక అన్నం. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ 500 వాట్లది అరగంట నడిస్తే 250 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 12 వోల్టుల దగ్గర 23, 24 ఏహెచ్. పొద్దున్నే పల్లీ చట్నీ కోసం 750 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిప్పితే 4 ఏహెచ్ లోపే. మిక్సీకి భయపడక్కర్లేదు, కుక్కర్‌కి భయపడాలి. గ్యాస్ స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ పెట్టుకుంటే ఒక్క ఏహెచ్ కూడా ఖర్చు కాదు. మేం ఇప్పటికీ అదే చేస్తాం.

చివరగా, మళ్లీ చార్జింగ్ ఎప్పుడు అవుతుందో రాయండి. జనరేటర్ ఉంటే పార్కు వేళలు చూసుకోండి. యోసెమిటీలో పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే తిప్పనిస్తారు. వంద వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 25, 30 ఏహెచ్ ఇస్తుంది, చెట్ల నీడలో అందులో కొంచెమే. ట్రక్కుని ట్రైలర్‌కి కలిపే ఏడు పిన్నుల కేబుల్ ద్వారా వచ్చేది సన్నటి ధార, దాని మీద ఆధారపడకండి. ట్రక్కుతో గట్టిగా చార్జ్ చేయాలంటే డీసీ టు డీసీ చార్జర్ విడిగా పెట్టించుకోవాలి.

3. లేబుల్ మీద ఏం చూడాలి?

కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అది ఇంజిన్ స్టార్ట్ చేయడానికి పనికొచ్చే లెక్క. మీకు దాంతో పనిలేదు. "మెరైన్" అని రాసినవి చాలావరకు స్టార్టింగుకీ, నిదానంగా వాడుకోవడానికీ మధ్యస్థంగా చేసినవి. అసలైన డీప్ సైకిల్, అంటే లోతుగా వాడి మళ్లీ నింపుకునే రకం, కాదు. ఏహెచ్ ఎంతో చూడండి, అదీ 20 గంటల లెక్కన, అంటే 20 గంటల్లో నిదానంగా ఖాళీ చేసినప్పటిది. ఏహెచ్ రాయకుండా రిజర్వ్ కెపాసిటీ అని నిమిషాల్లో రాస్తే, దాన్ని 25తో గుణించి 60తో భాగించండి. 160 నిమిషాలంటే దాదాపు 67 ఏహెచ్. అది 25 ఆంపియర్లు గట్టిగా లాగినప్పటి సంగతి కాబట్టి నిదానంగా వాడితే ఇంకొంచెం ఎక్కువే వస్తుంది.

లెడ్ యాసిడ్‌కి తయారైన తేదీ ముఖ్యం. చాలా కంపెనీలు స్టిక్కర్ మీద ఒక అక్షరం, ఒక అంకె వేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో మొదటిది జనవరి, మూడోది మార్చి, అంకె సంవత్సరం చివరి అంకె. "సి5" అంటే 2025 మార్చి. ఆరు నెలలుగా షెల్ఫ్ మీద కూర్చున్నదాన్ని తీసుకోకండి, వెనక నుంచి కొత్తది తెమ్మనండి.

4. ఏ రకం?

మామూలు 12 వోల్టుల లెడ్ యాసిడ్: హుకప్‌లో దిగేవాళ్లకి, ఎప్పుడో ఒక రాత్రి బయట ఉండేవాళ్లకి. ధర తక్కువ, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. నీళ్లు పోయాలి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే పెట్టెలో బయటే ఉండాలి, మంచం కింద పెట్టకూడదు.

6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు: వీటిని జీసీ2 అంటారు. రెండింటినీ సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, 210 నుంచి 230 ఏహెచ్. వాడుకోగలిగింది 105 పైనే. రోజూ లోతుగా వాడి మళ్లీ నింపడానికి చేసినవి కాబట్టి ప్లేట్లు మందంగా ఉంటాయి. లెడ్ యాసిడ్‌లో హుకప్ లేకుండా తిరిగేవాళ్లకి వీటిని మించింది లేదని నా అభిప్రాయం. మూడు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. ఒక్కోటీ 28 కిలోల దాకా బరువు. గ్రూప్ 24 కన్నా రెండు అంగుళాల దాకా ఎత్తు, పాత పెట్టెలో పట్టదు. రెండింట్లో ఒకటి పోతే ట్రైలర్ మొత్తం చీకటి.

ఏజీఎం: ఇది మూసేసి ఉండే లెడ్ యాసిడ్ రకం. నీళ్లు పోయక్కర్లేదు, ఒరిగినా కారదు. కానీ సగం కన్నా కిందికి దించకూడదన్న నియమం దీనికీ ఉంది. ధర మాత్రం ఎక్కువ. లిథియం ధరలు దిగివచ్చాక ట్రైలర్‌కి దీన్ని కొనడానికి నాకు బలమైన కారణం కనిపించడం లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్: చివరికి నేను తీసుకున్నది ఇదే, వంద ఏహెచ్‌వి రెండు. వందలో తొంభై నిశ్చింతగా వాడుకోవచ్చు. ఒక్కోటీ 11 నుంచి 14 కిలోలు. వోల్టేజ్ చివరిదాకా పడిపోదు కాబట్టి ఫర్నేస్ ఫ్యాన్ తెల్లారుజామున కూడా అదే ఊపుతో తిరుగుతుంది. వేలసార్లు నింపి వాడుకోవచ్చని కంపెనీలు హామీ ఇస్తాయి. గ్యాస్ వదలదు కాబట్టి ట్రైలర్ లోపలే పెట్టుకోవచ్చు.

అయితే లిథియం కొనేముందు నాలుగు ప్రశ్నలకి జవాబు దొరకాలి.

చలిలో చార్జింగ్ ఆపుతుందా? లిథియంని 0 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో చార్జ్ చేస్తే సెల్లులు శాశ్వతంగా దెబ్బతింటాయి. లోపలి బీఎంఎస్ (సెల్లుల్ని కాపాడే సర్క్యూట్) తనంతట తాను చార్జింగ్ ఆపేయాలి. చవక రకాల్లో కొన్నింటికి ఈ రక్షణ ఉండదు, లేదా ఉందో లేదో రాయరు. స్పష్టంగా రాయనిది కొనకండి. కొలరాడో, మిచిగన్ లాంటి చోట్ల చలికాలం తిరిగేవాళ్లు లోపల హీటర్ ఉన్న రకం తీసుకోవాలి, లేదా బ్యాటరీని లోపలికి మార్చాలి.

బీఎంఎస్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? మామూలుగా 100. వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌కి అది చాలు. రెండు వేల వాట్లదానికి ఒక బ్యాటరీ చాలదు, 12 వోల్టుల దగ్గర అది 180 పైనే లాగుతుంది.

మీ కన్వర్టర్ దానికి తగినదేనా? లిథియం పూర్తిగా నిండాలంటే 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి. 13.6 దగ్గర ఆగిపోయే పాత కన్వర్టర్‌తో నిండటానికి చాలాసేపు పడుతుంది, లోపలి సెల్లులు సమానం కావు. "ఉన్నచోట పెట్టేస్తే చాలు" అని డబ్బా మీద రాసినా ఇది చూసుకోండి. ప్రోగ్రెసివ్ డైనమిక్స్, డబ్ల్యూఎఫ్‌సీఓ లాంటి కంపెనీలు లిథియంకి తగిన కన్వర్టర్లు అమ్ముతాయి. ఆ ఖర్చు బ్యాటరీ ధరలో కలిపే పోల్చండి. సోలార్ కంట్రోలర్ ఉంటే అందులోనూ సెట్టింగ్ మార్చాలి.

ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది? గోడ మీద నాలుగు లైట్ల ప్యానెల్ లిథియంకి పనికిరాదు. దాని వోల్టేజ్ చాలాసేపు 13.2 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. నెగటివ్ వైరులో షంట్ పెట్టుకుంటే వచ్చే ఆంపియర్లు, పోయే ఆంపియర్లు లెక్కపెట్టి ఫోన్‌లో శాతం చూపిస్తుంది. నా దృష్టిలో ఇది లేకుండా లిథియం కొనడం పెట్రోల్ గేజ్ లేని బండి కొనడమే.

మా 69 ఏహెచ్ లెక్కకి లిథియం ఒకటైనా సరిపోయేది. రెండో రోజు మబ్బు పట్టినా, అమ్మానాన్నలు ఉన్నా టెన్షన్ లేకుండా ఉండాలని రెండు తీసుకున్నాను.

రకం ఏదైనా పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి తగిలించకండి. రెండు ఉంటే రెండూ ఒకేసారి, ఒకే మోడల్ మార్చండి.

5. బరువు, బ్రేకులు

బ్యాటరీ సాధారణంగా ట్రైలర్ ముందు కొక్కెం వెనకాల ఉంటుంది కాబట్టి దాని బరువులో ఎక్కువ భాగం ట్రక్కు మీద పడుతుంది. ఆ టంగ్ వెయిట్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 20 కిలోల ఒక్కదాని బదులు జీసీ2 రెండు పెడితే 36 కిలోల దాకా పెరుగుతాయి, మీ ట్రక్కు పరిమితి చూసుకోండి. లిథియంకి మారి లోపల వెనకవైపు పెడితే ముందు బరువు తగ్గుతుంది. మరీ తగ్గితే హైవే మీద ట్రైలర్ ఊగుతుంది.

ఇంతకన్నా ముఖ్యం బ్రేక్‌అవే స్విచ్. పరుగెత్తే ట్రక్కు నుంచి ట్రైలర్ ఊడిపోతే సన్నటి కేబుల్ లాగి, ట్రైలర్ బ్రేకులు వేసేది అదే. దానికి కరెంటు ఇచ్చేది మీ బ్యాటరీయే. బ్యాటరీ లేకపోయినా, ఖాళీగా ఉన్నా, డిస్‌కనెక్ట్ స్విచ్ తర్వాత దాని వైరు ఉండి స్విచ్ ఆపేసి ఉన్నా బ్రేకులు పడవు. బ్యాటరీ మార్చాక ఏడు పిన్నుల కేబుల్ తీసేసి, బ్రేక్‌అవే పిన్ను ఒకసారి లాగి, ట్రైలర్ చక్రాలు పట్టేశాయో లేదో ముందుకు కొద్దిగా లాగి చూడండి. వెంటనే పిన్ను తిరిగి పెట్టేయండి, ఎక్కువసేపు ఉంచితే బ్రేక్ మాగ్నెట్లు వేడెక్కుతాయి.

6. బిగించేటప్పుడు

ఏదీ ఊడదీయకముందే ఫోన్‌తో నాలుగువైపులా ఫోటోలు తీయండి. కారణం ఉంది. చాలా ట్రైలర్లలో తెల్ల వైరు నెగటివ్, నల్ల వైరు పాజిటివ్. కారులో నలుపంటే నెగటివ్ కదా అనుకుని తగిలిస్తే పైన చెప్పిన రెండు ఫ్యూజులు అక్కడికక్కడే పోతాయి. అనుమానం ఉంటే తెల్ల వైరు ఛాసిస్‌కి కలిసి ఉందా అని మీటర్‌తో చూడండి.

షోర్ పవర్ (బయటి నుంచి వచ్చే కరెంటు కేబుల్) తీసేయండి, సోలార్ ఉంటే దాన్నీ ఆపండి. ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్, తగిలించేటప్పుడు చివర నెగటివ్. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసేయండి, రెంచి రెండు టెర్మినళ్లకి ఒకేసారి తగిలితే చెయ్యి కాలుతుంది. పాజిటివ్ వైరు మీద బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజ్ ఉండాలి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు ప్యారలల్‌లో ఉంటే ట్రైలర్ పాజిటివ్‌ని మొదటిదాని నుంచి, నెగటివ్‌ని రెండోదాని నుంచి తీసుకోండి, రెండూ సమానంగా అరుగుతాయి. పట్టీ బిగించి కదపండి, కదలకూడదు.

పాత లెడ్ బ్యాటరీని షాపుకి తీసుకెళ్తే కొత్తదాని మీద కట్టించుకున్న కోర్ డిపాజిట్ తిరిగి ఇస్తారు.

7. మొదటి రాత్రి ఇంటి ముందే

కొత్త బ్యాటరీతో నేరుగా కొండల్లోకి వెళ్లకండి. ట్రైలర్‌ని డ్రైవ్‌వేలోనే ఉంచి, ఫుల్ చార్జ్ చేసి, కరెంటు కేబుల్ పీకేసి, ఒక రాత్రి అందులోనే పడుకోండి. ఫర్నేస్ మామూలుగా పెట్టుకునే డిగ్రీల దగ్గరే పెట్టండి, ఫ్రిజ్ నడవనివ్వండి, లైట్లు వేయండి. రాత్రి పదింటికి ఎంత ఉందో, పొద్దున ఆరింటికి ఎంత ఉందో రాసి, మీరు ముందు వేసిన లెక్క పక్కన పెట్టి చూడండి. లెక్క కన్నా ఎక్కువ పోయిందంటే ఏదో దొంగతనంగా లాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ మీటర్ చూస్తే అదేంటో దొరుకుతుంది. మా ట్రైలర్‌లో అది సామాన్ల అరలో ఎప్పుడూ ఆరని ఒక చిన్న లైటు.